మామకు గుడ్డు మాన్పించాలా?

దేవరకొండ వైపు పల్లె నుంచి ఒక కోడలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ తీసేసి, ముఖ్యమైన సంగతులు ఇక్కడ ఇస్తున్నాం.

ఆమె మామగారికి 71 ఏళ్లు. పత్తి చేను చేసుకుని బతికిన మనిషి. ఊళ్లో ఎవరి లెక్క తెగకపోయినా ఆయన్నే పిలిచేవారు. నిద్రలో అరవడం, కాళ్లూ చేతులూ విసరడం పదేళ్ల నుంచే ఉంది. ఒక రాత్రి ఆ చెయ్యి తగిలి అత్తమ్మ చెంప వాచింది, అప్పట్నుంచి ఆమె మంచం వేరు. రెండేళ్లుగా మామ ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండడం లేదు. సోమవారం ఎరువుల దుకాణం బాకీ రూపాయలతో సహా చెబుతారు, మంగళవారం ధోవతి చేతిలో పట్టుకుని ఎట్లా కట్టాలో తెలియక నిలబడిపోతారు. ఏడాదిగా పొద్దుగూకే వేళకు వేపచెట్టు కింద పిల్లలు కనిపిస్తున్నారు. "గా పోరగాండ్లు పొద్దటిసంది గాడనే కూసున్నరు, జర బువ్వ పెట్టుండ్రి" అంటారట. అడుగు చిన్నదైంది, నడక మందగించింది.

గాలి సోకిందని చెరువుగట్టు గుట్ట మీది గుళ్లో అమావాస్య నిద్ర చేయించారు. మండల కేంద్రంలో ఒక డాక్టరు, ఆ కనిపించడం తగ్గడానికి రాత్రిపూట హాలోపెరిడాల్, దానికి తోడు ట్రైహెక్సిఫెనిడిల్ రాశాడు. మూడో రోజుకు మామ కట్టెలా బిగుసుకుపోయారు, నోట్లో పెట్టిన బువ్వ నోట్లోనే ఉండిపోయింది. గోలీలు ఆపాక తేరుకోవడానికి పది రోజులు పట్టింది. తర్వాత హైదరాబాదులో న్యూరాలజీ డాక్టరుకు చూపిస్తే ఇది లూయీ బాడీ డిమెన్షియా అన్నారు. నడకకు లెవోడోపా అర గోలీ మూడు పూటలు, తెలివికి ఒంటికి అంటించే రివాస్టిగ్మిన్ పట్టీ రాశారు. "మెదడు కణాల్లో ప్రోటీన్ ముద్దలు కడుతోంది, గోలీ వేసేటప్పుడు ప్రోటీన్‌తో జాగ్రత్త" అని చెప్పి పంపారు.

ఆ ఒక్క మాటతో ఇంట్లో గుడ్డు, పప్పు, పాలు బందయ్యాయి. ఆ నిర్ణయం బావగారిది. నాలుగు నెలల్లో మామ 58 కిలోల నుంచి 52కు వచ్చారు. బావగారు ఇప్పుడు ఫోనులో ఒక వీడియో చూసి, మెదడులోని ప్రోటీన్‌ను కడిగేసే ఇంజెక్షన్ కోసం ఎకరం అమ్ముదామంటున్నారు. ఆడబిడ్డేమో "మా నాయినకు నువ్వు సరిగ్గా పెడ్తలేవు" అంటోంది. పాలమూరు వైపు ఉండే, ఉత్తరం రాసిన కోడలి సొంత తల్లికి కూడా 56వ ఏట ఇట్లాంటిదే మొదలై 63కు పోయింది. ఆమెదీ మతిమరుపు జబ్బే అన్నారు కానీ జ్ఞాపకం బాగానే ఉండేదట. మనిషే మారిపోయింది. పెళ్లి పంక్తిలో పక్కవాళ్ల విస్తరిలో లడ్డు తీసుకుని తిన్నది, సొంత తమ్ముడు పోతే కంట తడి పెట్టలేదు, చివరికి మాటే పోయింది. రెండూ ఒకటేనా? తిండి ఆపాలా? ఎకరం అమ్మాలా? పిల్లలకు వస్తుందా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, అన్నిటికన్నా ముందు గుడ్డు సంగతి. ఈ రోజు సాయంత్రం పొయ్యి వెలిగించేలోపు మీకు కావలసింది అదే.

పళ్లెంలోని ప్రోటీన్‌కూ మెదడులో ముద్దకట్టిన ప్రోటీన్‌కూ పేరు తప్ప వేరే చుట్టరికం లేదు. తిన్న గుడ్డు, పప్పు పేగుల్లో చిన్న చిన్న తునకలై ఎమైనో ఆమ్లాలుగా రక్తంలో కలుస్తాయి. మెదడు కణం తనకు కావలసిన ప్రోటీన్లను తానే తయారు చేసుకుంటుంది. గుడ్డు మానేస్తే ఆ ముద్దలు కరగవు, తింటే పెరగవు. డాక్టరు చెప్పిన జాగ్రత్త లెవోడోపా గోలీ గురించి. ఆ మందూ, ఎమైనో ఆమ్లాలూ పేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి ఒకే దారిన పోతాయి. రెండూ ఒకేసారి వస్తే తోపులాటలో మందు వెనకబడుతుంది. కాబట్టి గోలీని తిండికి అరగంట నుంచి ముప్పావుగంట ముందు మంచినీళ్లతో వేయాలి. ఇంకో మార్గం, తిన్న గంట తర్వాత. పరగడుపున వికారం పెడితే రెండు మామూలు బిస్కెట్లు పెట్టవచ్చు, పాలు మాత్రం అప్పుడు వద్దు. "జాగ్రత్త" అన్న మాటకు అర్థం ఇంతే. ఓపీ గదిలో మూడు నిమిషాల్లో చెప్పిన మాట ఇంటికి చేరేసరికి "బందు" అయింది.

మరి ఎంత పెట్టాలి? మూత్రపిండాల జబ్బు లేని పెద్ద వయసువారికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. 52 కిలోలకు 52 నుంచి 62 గ్రాములు. రెండు గుడ్లలో 12, పాలూ పెరుగూ కలిపి అరలీటరులో 16, అరవై గ్రాముల కందిపప్పులో 13. ఇక్కడికే 41 అయింది, మిగతాది జొన్నరొట్టె, అన్నం నుంచి వస్తుంది. మొదలుపెట్టే ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒకసారి చేయించండి. నీళ్లు తాగితే పొలమారుతోందా? అట్లయితే పల్చటి చారు, మజ్జిగ కన్నా చిక్కటి జొన్న అంబలి, మెత్తగా మెదిపిన పప్పన్నం సులువుగా దిగుతాయి. నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి, తిన్నాక అరగంట పడుకోనివ్వకండి.

బరువు తగ్గిన నేరం మొత్తం బావగారి మీద వేయకండి. మీ ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది, మీరే దాని మీద నిలవలేదు. పట్టీని 4.6 మిల్లీగ్రాముల నుంచి 9.5కు మార్చిన వారానికి వాంతులయ్యాయని, అప్పట్నుంచి ఆకలి చచ్చిందని రాశారు. రివాస్టిగ్మిన్‌కు ఆ గుణం ఉంది. ఇక్కడ మీ ముందు రెండు దారులున్నాయి. డాక్టరును అడిగి మళ్లీ చిన్న పట్టీకి వెళ్తే ఆకలి తిరిగి రావచ్చు, తెలివి కొంచెం మసకబారవచ్చు. పెద్ద పట్టీనే ఉంచి, రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెంగా పెడుతూ పదిహేను రోజులకోసారి తూకం చూస్తే తెలివి నిలబడవచ్చు. కానీ తూకం ఇంకో కిలో దిగితే ఆ దారి మూసుకుపోయినట్టే. చేయకూడనిది ఒకటి ఉంది, అడగకుండా పట్టీని ఒక్కసారిగా తీసేయడం. ఈ జబ్బులో అట్లా తీసేస్తే అయోమయం, లేనివి కనిపించడం ఉన్నట్టుండి పెరుగుతాయి. మూడు రోజులకు మించి ఆగితే మళ్లీ చిన్న పట్టీతోనే మొదలుపెట్టాలి.

పట్టీ అంటించేటప్పుడు జరిగే పొరపాటు కూడా చెప్పాలి. పాతది తీయకుండా కొత్తది వేస్తారు. వీపు మీద రెండు పట్టీలు ఉండిపోతే మందు రెట్టింపై వాంతులు, నాడి మందగించడం, కళ్లు తిరిగి పడిపోవడం. ముందు పాతది ఊడదీసి, జిగురు వైపులు రెండూ కలిపి మడిచి, పిల్లలకు అందని చోట పారేయండి. చెమట తుడిచి, కొబ్బరినూనె లేని పొడి చర్మం మీద, ఆయన చెయ్యి అందని పైవీపున అంటించండి. అంటించిన చోటే మళ్లీ 14 రోజుల దాకా వద్దు.

ఇక జబ్బుల తేడా. మన దగ్గర వీటన్నిటికీ "మతిమరుపు" అని ఒకే మాట ఉంది. అందుకే మీ అమ్మగారి జబ్బూ మామగారి జబ్బూ ఒకటే అనిపించింది. డిమెన్షియా అన్నది జ్వరం లాంటి మాట. మలేరియాదీ జ్వరమే, టైఫాయిడ్‌దీ జ్వరమే.

ప్రోటీన్‌ను నూలుపోగు అనుకోండి. కణం దాన్ని నేసి ఒక పద్ధతిలో మడత పెడుతుంది, ఆ మడతను బట్టే దాని పని. మడత తప్పిన ప్రోటీన్‌ను ఊడ్చేయడానికి కణంలో ఏర్పాటుంది, వయసు మీదపడే కొద్దీ అది మందగిస్తుంది. మిగిలిపోయిన వంకర ప్రోటీన్ ఊరకే ఉండదు. తోడు చుక్క గిన్నెడు పాలను పెరుగు చేసినట్టు, పక్కనున్న మంచి ప్రోటీన్లనూ తన వంకర మడతలోకే లాగుతుంది. అట్లా ముద్ద పెరుగుతుంది, ఒక కణం నుంచి ఇంకో కణానికి పాకుతుంది. మనిషి నుంచి మనిషికి మాత్రం పాకదు. మామ ఎంగిలి ముట్టుకుంటే ఏమవుతుందోనని అత్తమ్మ అడిగినట్టు రాశారు, ఆ భయం తీసేయమనండి.

ఏ ప్రోటీన్ వంకరపోయింది, ఏ చోట మొదలైంది అన్నదాన్ని బట్టి జబ్బు ముఖం మారుతుంది. అల్జీమర్స్‌లో రెండున్నాయి. బీటా అమైలాయిడ్ కణాల బయట మచ్చలుగా పేరుకుంటుంది, టావ్ కణాల లోపల చిక్కుపడుతుంది. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ ఈ రెంటినీ వర్ణించాడు. కణంలో సరుకు మోసే సన్నని గొట్టాలను పట్టి ఉంచే బిగింపు టావ్. అది ఊడి చిక్కుపడితే గొట్టాలు కూలుతాయి. చిక్కులు జ్ఞాపకాలను అచ్చువేసే చోట మొదలవుతాయి కాబట్టి ముందు పోయేది నిన్నా మొన్నటి సంగతులే.

మీ మామగారిది ఆల్ఫా సిన్యూక్లిన్. కణంలో కనిపించే గుండ్రటి ముద్దలను 1912లో ఫ్రెడరిక్ లూయీ వర్ణించాడు, అవి ఈ ప్రోటీన్‌వేనని 1997లో తేలింది. నాడి కొసల్లో, కబురు పక్క కణానికి అందించే చోట దీని కాపురం. ఇది చాలామందిలో మెదడు కాండంలో ముందుగా చేరుతుంది. కలగనేటప్పుడు ఒంటిని కదలకుండా కట్టి ఉంచే తాళం అక్కడే ఉంటుంది, ఆ తాళం ఊడితే మనిషి కలలో చేసేదంతా మంచం మీద చేస్తాడు. అత్తమ్మ చెంప వాచిన ఆ రాత్రి జబ్బు మొదటి గుర్తు, మతి తప్పడానికి ఏళ్ల ముందే వచ్చింది. తర్వాత కదలికను నడిపించే రసాయనం డోపమిన్‌ను తయారుచేసే కణాలు పోతాయి, అందుకే నడక మందగిస్తుంది. ధ్యాసకూ తెలివికీ కావలసిన ఇంకో రసాయనం ఎసిటైల్‌కోలిన్ అల్జీమర్స్‌లో కన్నా ఎక్కువ పడిపోతుంది, తెలివి పోయి రావడానికీ లేనివి కనిపించడానికీ ఆ లోటు ఒక కారణం. స్కాన్‌లో "పెద్దగా కుంచించుకుపోలేదు" అన్నారని రాశారు కదా. ఈ జబ్బులో జ్ఞాపకాల చోటు అల్జీమర్స్‌లో అంతగా కరగదు. సోమవారం మామ ఆయనే, మంగళవారం మామ కూడా ఆయనే. ఆయన నటించడం లేదని ఆడబిడ్డకు చెప్పడానికి ఇది పనికొస్తుంది.

ఇప్పుడు ఆ మూడు రోజుల సంగతి అర్థమవుతుంది. హాలోపెరిడాల్ డోపమిన్‌ను అడ్డుకుంటుంది. అసలే డోపమిన్ అడుగంటిన మెదడులో ఉన్న కాస్తా మూతపడింది. ట్రైహెక్సిఫెనిడిల్ ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది, అదీ అడుగంటిందే. ఈ రెండు మందులూ ఇంకొకరికి పనికిరావచ్చు, మీ మామగారికి మాత్రం ప్రాణం మీదికి తెచ్చేవి. ఏ ప్రోటీనో తెలియడం వల్ల ఈ రోజు మీకు దక్కే అసలు లాభం ఇదే. ముద్దను కరిగించే మందు దీనికి ఇంకా లేదు, వేయకూడని మందు ఏదో మాత్రం తెలిసింది.

కాబట్టి ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి ఆయన అంగీ జేబులో ఒకటి, ఇంట్లో క్యాలెండర్ పక్కన ఒకటి పెట్టండి: "లూయీ బాడీ డిమెన్షియా. హాలోపెరిడాల్ ఇవ్వరాదు. వాంతులకు మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకు ప్రోక్లోర్‌పెరజిన్ ఇవ్వరాదు. ట్రైహెక్సిఫెనిడిల్, ప్రోమెథజిన్ వద్దు." రాత్రి పదింటికి వాంతులైతే మీరు పరుగెత్తేది న్యూరాలజిస్టు దగ్గరికి కాదు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికే. ఆయన సంచిలో ముందు చేతికొచ్చేది ఆ మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షనే కావచ్చు. వాంతులకు డోంపెరిడోన్ గానీ ఆన్‌డాన్‌సెట్రాన్ గానీ వాడవచ్చా అని మీ డాక్టరును ముందే అడిగి, ఆయన ఒప్పుకున్న పేరు అదే అట్ట మీద రాయించుకోండి. ఈ మందులు గుండె లయ మీద పనిచేస్తాయి, ఈసీజీ చూసి చెబుతారు.

వేపచెట్టు కింద పిల్లల మాటకొస్తే, వాళ్లు ఆయన్ను భయపెడుతున్నారా? మీ ఉత్తరం చూస్తే లేదు, ఆయన వాళ్లకు అన్నం పెట్టమంటున్నారు. "ఎవరూ లేరు" అని వాదించకండి, "ఉన్నారు" అని విస్తరి వేయనూ వద్దు. "నాకు కనబడ్తలేరు మామా, నువ్వు చెప్తే నమ్ముతా, ముందు నువ్వు తిను" అంటే చాలు. పొద్దుగూకకముందే వాకిట్లో లైటు వేయండి, దండెం మీద వేలాడే అంగీలు తీసేయండి, కళ్లలో శుక్లాలున్నాయేమో చూపించండి. ఉన్నట్టుండి కనిపించడం ఎక్కువైతే అది జబ్బు ముదరడం అని వెంటనే అనుకోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, జ్వరం, జలుబుకు వేసిన కొత్త గోలీ, వీటిని ముందు చూడాలి.

లెవోడోపా కూడా కొందరిలో ఇట్లా లేనివి కనిపించడాన్ని పెంచుతుంది. ఇక్కడ తూచుకోవలసింది మీ ఇంటివాళ్లే. మోతాదు పెంచితే నడక బాగుపడవచ్చు, పిల్లలు ఎక్కువవచ్చు. తగ్గిస్తే పిల్లలు పలచబడవచ్చు, మంచం దిగడం కష్టం కావచ్చు. ఆయనకు ఏది ముఖ్యమో మంచి రోజున ఆయన్నే అడగండి, చెప్పగలరు. అట్లా కనిపించడం భరించలేని స్థాయికొస్తే క్వెటియాపిన్ అనే మందును 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టే పద్ధతి ఉంది. దానికీ మగత, పడిపోవడం, ఈ వయసులో పక్షవాతం, మరణం ముప్పు ఉన్నాయి. చెట్టు కింద నిశ్శబ్దంగా కూర్చునే పిల్లల కోసం అంత మందు అవసరమా అన్నది డాక్టరుతో మాట్లాడండి.

గుట్టకు పోవడం మీ నమ్మకం, దాని జోలికి పోను. మెట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఈ జబ్బులో లేచి నిలబడగానే బీపీ దిగజారుతుంది. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితం డాక్టరుకు చూపించండి, బీపీ గోలీ తగ్గించాల్సి రావచ్చు.

మీ నల్లగొండ నీళ్ల వల్లే ఇదంతా అని పక్కింటివాళ్లు అన్నారట. ఫ్లోరైడ్ నీళ్లు పళ్లనూ ఎముకలనూ చెడగొడతాయి, వెన్నూ మెడా బిగుసుకుపోతాయి. అది బిగువే, ఇది బిగువే, కానీ అది ఎముకది, ఇది నరాలది. మీది ఫ్లోరైడ్ ఊరే అయితే రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. ముంజేతి ఎక్స్‌రేలో మొదటిది తెలిసిపోతుంది, వెన్నులో నరం నొక్కుకుంటుంటే దాని వైద్యం వేరు. అడగడం దండగ కాదు.

ఎకరం విషయం. బావగారు చూసిన వీడియోలో మందు లెకనెమాబ్ అయి ఉండాలి, లేదంటే డొనానెమాబ్. అమెరికాలో మొదటిదానికి 2023లో, రెండోదానికి 2024లో అనుమతి వచ్చింది. నిజమైన మందులే, మోసం కాదు. కానీ అవి కడిగేది అమైలాయిడ్‌ను, అదీ అల్జీమర్స్ తొలి దశలో. లెకనెమాబ్ ప్రయోగంలో 18 నెలల తర్వాత మందు తీసుకున్నవాళ్లలో జబ్బు దిగజారడం 27 శాతం నెమ్మదించింది. ఆగలేదు, వెనక్కి రాలేదు. ఆ ప్రయోగంలో రెండు వారాలకోసారి సెలైన్‌లో ఎక్కించారు, మధ్యమధ్య ఎంఆర్ఐలు తీయాలి. మందు తీసుకున్నవారిలో 12.6 శాతం మందికి మెదడులో వాపు స్కాన్‌లో కనిపించింది, కొందరికి చిన్న రక్తస్రావాలు కూడా. మీ మామగారి ముద్ద సిన్యూక్లిన్‌ది. పక్కింటి తాళంచెవితో మీ ఇంటి తలుపు తెరుచుకోదు.

బావగారు అడ్డం తిరిగి ఒక మంచి ప్రశ్న వేయవచ్చు: "నాయిన మెదట్ల అమైలాయిడ్ సుత ఉంటే?" ఉండవచ్చు. ఈ వయసులో లూయీ బాడీలతో పాటు అమైలాయిడ్ కూడా ఉండేవాళ్లు చాలామంది. పరీక్షలో అది బయటపడినంత మాత్రాన ఈ మందుకు అర్హత వచ్చినట్టు కాదు, అసలు బాధ పెడుతున్నది దేనితోనో అది చెప్పదు. రోగనిర్ధారణ మీద ఇంకా అనుమానం ఉంటే హైదరాబాదులోనే ఇంకొక న్యూరాలజిస్టుకు కాగితాలు చూపించడం ఒక దారి. మెదడులో డోపమిన్ కొసలను చూపించే ట్రోడాట్ స్కాన్ ఇంకో దారి, అల్జీమర్స్‌కూ దీనికీ తేడా అందులో కనిపిస్తుంది. అయితే హాలోపెరిడాల్‌కు ఆయన బిగుసుకుపోయిన తీరు, నిద్రలో కాళ్లూ చేతులూ విసరడం, లేనివి కనిపించడం, రోజుకో తీరు తెలివి, ఇన్ని కలిసిన చోట ఆ స్కాన్ వైద్యాన్ని పెద్దగా మార్చదు. డబ్బు పెట్టేముందు "ఫలితం ఏదొచ్చినా మందు మారుతుందా?" అని అడగండి.

ఈ మాటలు బావగారికి ఎవరు చెప్పాలి? మీరు చెబితే కోడలు ఎదురు మాట్లాడింది అవుతుంది. మీ ఆయన చెబితే అన్నదమ్ముల పంచాయితీ కావచ్చు. వచ్చే ఓపీకి బావగారినే మామగారి వెంట పంపితే, ప్రోటీన్ మాట ఆయన చెవులతోనే వింటారు. ఒక నోటుబుక్కులో తూకం, గోలీల వేళలు, పడిపోయిన రోజులు, నిద్ర రాసి ఆయన చేతికిచ్చి పంపండి. ఒక నష్టం ఉంది, మీరు లోపల లేకపోతే ఆయన మళ్లీ తనకు నచ్చినంతే విని రావచ్చు. ముగ్గురూ పోగలిగితే మేలు. మాట ఒకరిది, చాకిరీ ఇంకొకరిది అవుతున్న ఇంట్లో నెలకు నాలుగు రోజులు ఆడబిడ్డ వచ్చి ఉండమని అడగడం తప్పు కాదు. సరిగ్గా పెట్టడం ఎట్లాగో ఆమెకూ తెలుస్తుంది. పెద్దల సంరక్షణలో దిక్కుతోచనప్పుడు 14567కు, మీ మనసే బరువెక్కినప్పుడు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. రెండూ ప్రభుత్వానివే.

పిల్లలకు వస్తుందా అన్నారు. మామగారి జబ్బు చాలావరకు వంశంలో దిగేది కాదు. నేను రెండోసారి చదివింది మీ అమ్మగారి గురించి రాసిన పేరా. యాభైల్లో మొదలై, జ్ఞాపకం ఉండగానే మనిషి మారడం, తీపి మీద యావ, చివర మాట పోవడం, ఇవి నుదుటి వెనక, కణతల లోపల కణాలు పోయే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా లక్షణాలు. అక్కడ వంకరపోయేది కొందరిలో టావ్, ఇంకొందరిలో టీడీపీ-43 అనే ప్రోటీన్, ఈ జబ్బులో దాని పాత్ర 2006లో తేలింది. ఈ టీడీపీ-43 కణకేంద్రకంలో ఉండి ఆర్‌ఎన్‌ఏ పని చూడాల్సిన ప్రోటీన్. అది బయటికొచ్చి ముద్దకడితే లోపల పని ఆగిపోతుంది, బయట అడ్డం పడుతుంది. ఆ పెళ్లిలో లడ్డు తీసుకున్నది మీ అమ్మ పెంపకంలోని లోటు కాదు. "ఇది నీది కాదు" అని చెయ్యి పట్టి ఆపే కణాలు అప్పటికే పోయాయి.

ఈ జబ్బుకు లూయీ బాడీ కన్నా వంశం లంకె ఎక్కువ, అయినా ఎక్కువమందిలో ఇంట్లో ఇంకెవరికీ ఉండదు. భయపడేముందు మీ మేనమామను గానీ పెద్దమ్మను గానీ కూర్చోబెట్టి అడగండి. అమ్మ తోబుట్టువుల్లో, వాళ్ల తల్లిదండ్రుల్లో ఎవరైనా అరవై లోపు ఇట్లా మారిపోయారా? చేతులూ కాళ్లూ సన్నబడి, మింగలేక, రెండు మూడేళ్లలో పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కండరాలను నడిపే నరాలు పోయే ఆ జబ్బుకూ టీడీపీ-43కూ చుట్టరికం ఉంది. ఎవరూ లేరంటే ఇక్కడితో వదిలేయవచ్చు. ఇద్దరు ముగ్గురు తేలితే జన్యు పరీక్ష మాట వస్తుంది. చేయించుకుంటే తెలుస్తుంది, తెలిసినా ఆపే మందు ఇప్పటికి లేదు, ఆ కాగితం మీ పిల్లల పెళ్లి మాటల దాకా వెంట వస్తుంది. చేయించుకోకపోతే అనుమానం ఉంటుంది. రక్తం ఇవ్వకముందే జన్యు సలహా ఇచ్చే డాక్టరుతో ఒక గంట మాట్లాడండి, ఇచ్చాక కాదు.